నీటి పేరున్న కొండలు: విశాఖ బౌద్ధ క్షేత్రాల్లో రెండు రోజులు

కువైట్ నగరం నుంచి తీరం వెంబడి దక్షిణంగా వెళితే ఫింటాస్, మహబూలా దాటాక అబూ హలీఫా వస్తుంది. చమురు రాకముందు ఇవన్నీ చేపల వేట మీద, బావుల కింద సాగే కొద్దిపాటి సేద్యం మీద బతికిన చిన్న పల్లెలు. నది లేని నేల కావడంతో బావి ఉన్న చోటే ఊరు వెలిసేది. కువైట్ పట్టణానికి బావులు చాలకపోవడంతో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో షత్ అల్ అరబ్ నది నుంచి తాగునీటిని పడవల్లో తెచ్చి అమ్మేవారు. 1938లో బుర్గాన్‌లో చమురు బయటపడింది. 1946లో తొలి ఎగుమతి జరిగింది. 1950లలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలు మొదలయ్యాయి. నేడు అబూ హలీఫాలో బహుళ అంతస్తుల భవనాలే కనిపిస్తాయి. వాటిలో అద్దెకుండే వలస కుటుంబాలలో కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన తెలుగువారు ఎందరో ఉన్నారు.

కువైట్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. 2007 సెప్టెంబరుకు ముందు అది గురు, శుక్రవారాలుగా ఉండేది. ఈ రెండు రోజులకు పండుగ సెలవు మరొకటి కలిస్తే, కాస్త వెసులుబాటున్నవారు కొలంబోకో బ్యాంకాక్‌కో చిన్న ప్రయాణం పెట్టుకుంటారు. కొలంబోలో గంగారామ, నగరానికి దగ్గరలో ఉన్న కెలణియ విహారం, బ్యాంకాక్‌లో వాట్ ఫో, వాట్ అరుణ్ ఇలాంటి ప్రయాణాల్లో తప్పనిసరి మజిలీలు. అక్కడి గుళ్ళలో దీపం వెలుగుతూ ఉంటుంది, తామరపూలు అమ్ముతూ ఉంటారు, కాషాయం కట్టిన భిక్షువులు ఎదురవుతారు. అవి చూసి వచ్చినవారు తెలుగునేల మీద ఇలాంటివేమీ లేవనుకోవడం సహజమే.

అయితే సెలవు మీద స్వదేశం వచ్చినప్పుడు సరిగ్గా రెండే రోజులు చేతిలో ఉంటే, ఒక తెలుగు నగరం చుట్టూ ఉన్న బౌద్ధ క్షేత్రాలను చూసి రావచ్చు. ఆ నగరం విశాఖపట్నం. మొదటి రోజు పడమటి దిక్కున అనకాపల్లి దగ్గరి శంకరం, రెండో రోజు ఉత్తరాన భీమిలి దారిలోని తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ. ఇక్కడ గంట మోగదు, పూలు అమ్మేవారు ఉండరు. కనిపించేవి ఇటుక పునాదులు, రాతిలో తొలిచిన గుంటలు, తలలేని స్తంభాలు. ఇవి కాక మరొకటి మిగిలింది. అది ఆ కొండలకు చుట్టుపక్కల జనం పెట్టుకున్న పేర్లు. ఏ శాసనంలోనూ లేని ఒక చరిత్ర ఆ పేర్లలో ఉంది. ఒక సమాజం తాను కట్టుకున్నదాన్ని ఎలా మరచిపోతుందో, ఎంతవరకు మరచిపోతుందో, దేన్ని మాత్రం మరచిపోలేదో ఆ పేర్లు చెబుతాయి.

మొదటి రోజు: శంకరం

విశాఖ నుంచి అనకాపల్లి నలభై కిలోమీటర్ల లోపే. అక్కడి నుంచి మూడు కిలోమీటర్లలో శంకరం అనే చిన్న ఊరు, ఊరి పక్కన రెండు కొండలు ఉంటాయి. తూర్పున ఉన్నది బొజ్జన్నకొండ, పడమట ఉన్నది లింగాలకొండ. పేర్లు మాత్రమే విన్నవారు ఇది శైవక్షేత్రమనే అనుకుంటారు. ఊరి పేరు శంకరుణ్ణి తలపిస్తుంది, ఒక కొండ పేరులో లింగాలు ఉన్నాయి, మరో కొండ పేరు బొజ్జగణపయ్యను గుర్తు చేస్తుంది.

1907లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. బొజ్జన్నకొండ మీద ఆరు గుహలు ఉన్నాయి. ప్రధాన గుహలో పదహారు స్తంభాల నడుమ రాతిలోనే మలచిన స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణకు దారి ఉన్నాయి. గుహకు పైన బుద్ధుని శిల్పం ఉంది. ఇంకా పైకి వెళితే రాతి దిమ్మె మీద ఇటుకలతో కట్టిన మహాస్తూపపు అవశేషాలు, విహారాల పునాదులు కనిపిస్తాయి. తవ్వకాలలో దొరికిన నాణేలలో సముద్రగుప్తుని బంగారు నాణెం ఒకటి, విషమసిద్ధి బిరుదున్న తూర్పు చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణేలు, శాతవాహనులదిగా భావించే సీసపు నాణెం ఒకటి ఉన్నాయి. అంటే ఈ కొండ ఒక తరంలో వెలిగి ఆరిపోయినది కాదు. థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడూ వరుసగా ఇక్కడ నిలిచాయని పురాతత్త్వవేత్తలు చెబుతారు. క్షేత్రం క్రీ.శ. తొమ్మిదో శతాబ్దం దాకా నడిచిందని అంచనా.

ఇప్పుడు పేర్లను చూద్దాం. శంకరం అన్నది సంఘారామం. భిక్షుసంఘం నివసించే ఆరామానికి వాడే ఈ మాటే జనం నోట అరిగి శంకరమైంది. ఊరి పేరులో బౌద్ధ సంస్థ పేరు చెక్కుచెదరకుండా నిలిచింది గాని, దాని అర్థం పోయింది. మాట మిగిలి అర్థం పోతే జనం ఆ మాటకు తమకు తెలిసిన అర్థాన్ని వెతుక్కుంటారు. సంఘం తెలియదు, శంకరుడు తెలుసు.

లింగాలకొండ సంగతి ఇంకా స్పష్టం. ఆ కొండ రాతిని మెట్లుమెట్లుగా చెక్కి, వరుసలుగా ఏకశిలా స్తూపాలను మలిచారు. అవి మొక్కుబడి స్తూపాలు. దాత తన పుణ్యం కోసమో తల్లిదండ్రుల పుణ్యం కోసమో ఒక చిన్న స్తూపం చెక్కించేవాడు. గుండ్రటి తల, కింద వేదిక ఉన్న ఆ ఆకారాలను స్తూపం అన్న మాటే వినని మనిషి చూస్తే అవి లింగాలుగానే కనబడతాయి. ఆ పేరు పెట్టినవాడు అబద్ధం చెప్పలేదు. తన కంటికి కనిపించినదాన్ని తన భాషలో చెప్పాడు.

బొజ్జన్నకొండ పేరు 'బుద్ధుని కొండ' నుంచే పుట్టిందని సాధారణంగా చెబుతారు. ధ్వనిమార్పు అసాధ్యమేమీ కాదు. అయితే ఆ మార్పు బొజ్జ అనే తెలుగు మాట దగ్గరే ఎందుకు ఆగిందన్నది ఆలోచించవలసిన ప్రశ్న. దానికి జవాబు స్థానికంగా చాలాకాలం సాగిన ఒక ఆచారంలో దొరుకుతుంది. సంక్రాంతి మూడో రోజైన కనుమనాడు చుట్టుపక్కల గ్రామాల నుంచి వేల మంది ఈ కొండకు వస్తారు. వచ్చినవారు స్తూపభాగమైన ఒక ఉబ్బెత్తు ఆకారాన్ని రాక్షసుని బొజ్జగా భావించి దాని మీద రాళ్ళు రువ్వేవారు. ఇది తాతముత్తాతల నుంచి వస్తున్న వేడుక. రువ్వేవారి మనసులో బుద్ధుని మీద ద్వేషం ఏమీ లేదు, బుద్ధుడే లేడు. పిల్లలు నవ్వుతూ రాయి విసిరేవారు. భారత సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ విశాఖ శాఖ కలగజేసుకుని అది ఏమిటో జనానికి వివరించాక ఆ అలవాటు ఆగింది. కనుమనాటి తిరునాళ్ళు మాత్రం ఇప్పటికీ సాగుతున్నాయి.

ఈ ఒక్క ఉదంతం చాలు, చరిత్ర తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి. నష్టం చేయాలన్న ఉద్దేశం లేకుండానే నష్టం జరుగుతుంది. చెప్పేవారు చెబితే ఆగుతుంది కూడా.

శంకరం వదిలే ముందు కొండ పాదం దగ్గర బయటపడిన హారీతి విగ్రహాన్ని గుర్తు చేసుకోవాలి. రాజగృహంలో పసిపిల్లలను తినే యక్షిణిగా ఆమె కథ మొదలవుతుంది. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర కింద దాచి, బిడ్డ దూరమైతే తల్లికి కలిగే బాధ ఎటువంటిదో ఆమెకే తెలియజేశాడు. ఆ నాటి నుంచి ఆమె పిల్లలను కాపాడే తల్లి అయింది. విహారాల భోజనశాలల్లో హారీతికి నిత్యం అన్నం పెట్టేవారని ఏడో శతాబ్దపు చీనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు. నాగార్జునకొండలో ఆమెకు ప్రత్యేకంగా గుడే ఉంది. పసిపిల్లల చావులు సర్వసాధారణమైన కాలంలో, బిడ్డ బతకాలని కోరుకునే గృహస్థురాలిని ఆరామం దాకా నడిపించినది త్రిపిటకాలు కాదు, హారీతి. సంఘం ఊరితో కలిసి బతికిందనడానికి ఆ విగ్రహమే సాక్ష్యం. ఆ బంధం తెగాకనే బుద్ధుడు బొజ్జన్న అయ్యాడు.

దిబ్బలు, దిన్నెలు

ఇది శంకరానికే ప్రత్యేకమైన విషయం కాదు. గుడివాడ, ఘంటసాల వంటి చోట్ల స్తూపాల దిబ్బలకు జనం పెట్టిన పేరు లంజదిబ్బ. 1894లో అచ్చయిన తన గ్రంథంలో రీ ఆ పేరును అలాగే నమోదు చేశాడు. ఊరికి దూరంగా, ఎవరిదో తెలియని పాడుబడ్డ కట్టడాన్ని సభ్యసమాజం వెలివేసిన స్త్రీ పేరుతో పిలవడం ఆ మట్టిదిబ్బను కూడా వెలివేయడమే. దానికి భిన్నంగా అమరావతి స్తూపపు దిబ్బను దీపాలదిన్నె అన్నారు. ఆ పేరు వినగానే ఒకనాడు ఆ మహాచైత్యం చుట్టూ వెలిగిన దీపాలు మనసులో మెదలక మానవు.

కానీ ఆ మంచి పేరు స్తూపాన్ని కాపాడలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో తన రాజధానిని కట్టుకునేటప్పుడు దీపాలదిన్నె ఇటుకలు, రాళ్ళు ఆ కట్టడాలకు వెళ్ళాయి. చలువరాతి ఫలకాలు కొన్ని సున్నం బట్టీలో పడ్డాయి. ఆ వార్త విని చూడటానికి వచ్చిన కాలిన్ మెకంజీ, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించే నాటికి స్తూపం నడిమి భాగం తవ్వి చెరువుగా మార్చి ఉంది.

ఈ వివరం మొదట మనసును కలచివేస్తుంది. తర్వాత ఆలోచింపజేస్తుంది. తెలుగునాట ఒక గొప్ప స్తూపం చివరికి నీటిగుంట అయింది. అర్థం తెలియని కట్టడం కన్నా నీరు నిలిచే గుంట ఆ కాలపు మనిషికి ఎక్కువ విలువైనది. రెండో రోజు ప్రయాణంలో ఇదే విషయం తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ నీటిగుంటలే బౌద్ధాన్ని కాపాడాయి.

రెండో రోజు: తొట్లకొండ

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే సముద్రతీరపు దారిలో పదిహేను కిలోమీటర్ల దూరంలో, మంగమారిపేట మత్స్యకారుల పల్లెకు ఎదురుగా తొట్లకొండ ఉంది. ఎత్తు 128 మీటర్లు. భారత నౌకాదళం ఒక స్థావరం కోసం విమాన సర్వే చేస్తున్నప్పుడు ఈ కొండపై కట్టడాల ఆనవాళ్ళు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, మొక్కుబడి స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల గదులున్న విహారాలు, స్తంభాల సమావేశశాల, వంటశాల, భోజనశాల, రాళ్ళు పరిచిన నడకదారులు, వాటన్నిటితో పాటు రాతిలో తొలిచిన పదకొండు తొట్లు వెలుగు చూశాయి. శాతవాహనుల సీసపు నాణేలు, రోమను వెండి నాణేలు, బ్రాహ్మీ శాసనాలు, బుద్ధపాదాలు దొరికాయి. క్రీ.పూ. రెండో శతాబ్దం నుంచి క్రీ.శ. మూడో శతాబ్దం దాకా ఈ ఆరామం బాగా నడిచింది. నూరు మందికి పైగా భిక్షువులు ఉండగలిగిన చోటు ఇది.

శాసనాధారాలను బట్టి ఈ కొండ పాత పేరు సేనగిరి అని పండితులు భావిస్తారు. ఆ పేరు ఊరివాళ్ళ నోట నిలవలేదు. స్తూపం మట్టిలో కలిసింది, విహారం కూలింది, శాసనం చదివేవారు లేకపోయారు. పశువులను మేపుకునేవాడు, కట్టెలు ఏరుకునేవాడు మాత్రం కొండెక్కుతూనే ఉన్నాడు. అతనికి దాహం వేసింది. రాతితొట్టిలో వాననీరు కనబడింది. కొండ పేరు తొట్లకొండ అయింది.

ఆ తొట్లు ఎందుకు తొలిచారో అర్థం కావాలంటే చిన్న లెక్క వేసుకోవాలి. ఉక్కపోతలో కొండెక్కి దిగే మనిషి శరీరానికి రోజుకు సుమారు మూడు లీటర్ల తాగునీరు కావాలి. నూరు మందికి ఏడాదికి లక్షా పదివేల లీటర్లకు కాస్త తక్కువ. విశాఖ తీరంలో ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. నూరు చదరపు మీటర్ల రాతిపరుపు మీద పడిన వాన నంతటినీ తొట్టిలోకి మళ్ళించగలిగితే లక్ష లీటర్లు దాటుతుంది. అంటే పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పున్న రాతి మీద కురిసేది నూరు మంది భిక్షువుల ఏడాది తాగునీటికి దాదాపు సరిపోతుంది. ఎండకు ఆవిరయ్యేది, పగుళ్ళలో ఇంకేది, వంటకూ స్నానానికీ కావలసినది కలుపుకుంటే దానికి ఎన్నో రెట్లు పరుపు కావాలి. కొండ మీద రాతికి కొదవ లేదు. ఇదే లెక్క అబూ హలీఫాలో వేస్తే, ఏడాదికి 120 మిల్లీమీటర్లకు మించని వానతో అంతే నీరు పట్టడానికి ఎనిమిది తొమ్మిది రెట్ల నేల కావాలి. ఒక చోట తొట్టితో సరిపోయినది, మరొక చోట పరాయి నది నుంచి పడవలో రావలసి వచ్చింది.

భిక్షువులు కొండను ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి. ఊరి సద్దు వినబడకూడదు, కానీ భిక్షకు వెళ్ళి రాగలిగేంత దూరంలో ఊరు ఉండాలి. వానాకాలంలో సంఘం ఒకేచోట ఉండి వర్షావాసం పాటించాలి. చుట్టూ సముద్రవ్యాపారం సాగుతోంది. తూర్పుతీరం నుంచి సువర్ణభూమికి ఓడలు బయలుదేరే చోటును రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో పేర్కొన్నాడు. ఓడవర్తకుల దానాలు ఆరామాలకు అందేవి. రోమను నాణేలు కొండెక్కిన దారి అదే. ఇన్ని అనుకూలతలున్న కొండకు ఉన్న ఒకే లోటు నీరు. రాతిని తొలిచి ఆ లోటు తీర్చుకున్నారు.

నీటి పట్ల సంఘానికి ఉన్న శ్రద్ధ వినయపిటకంలో కనిపిస్తుంది. భిక్షువు దగ్గర ఉండవలసిన ఎనిమిది పరిష్కారాలలో నీరు వడపోసుకునే గుడ్డ ఒకటి. అందులో ప్రాణులున్నాయని తెలిసి కూడా ఆ నీటిని వాడటం పాచిత్తియమనే దోషం. దీన్ని సూక్ష్మక్రిముల జ్ఞానంగా చదవడం తొందరపాటు. అది రోగభయంతో పెట్టిన నియమం కాదు, జీవహింస జరగకూడదని పెట్టినది. అయినా నిలవ ఉన్న వాననీటిని వడగట్టి తాగే నూరు మంది, వడగట్టకుండా తాగే నూరు మంది కన్నా తక్కువ జబ్బు పడి ఉంటారని అనుకోవడంలో తప్పులేదు. అహింస కోసం చేసిన పని ఆరోగ్యాన్ని కూడా ఇచ్చింది.

మహావగ్గంలో ఒక సంఘటన ఉంది. అతిసారంతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు చూశాడు. తోటివారెవరూ అతన్ని పట్టించుకోలేదు. ఆనందుడు నీరు తెచ్చాడు. బుద్ధుడు నీరు పోశాడు. ఆనందుడు అతని ఒళ్ళు కడిగాడు. ఇద్దరూ కలిసి అతన్ని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాత బుద్ధుడు సంఘాన్ని పిలిచి, తనకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయమని చెప్పాడు. ఈ కథలో మందు లేదు, మంత్రం లేదు. నీరు ఉంది, ఇద్దరు మనుషుల చేతులు ఉన్నాయి. అశోకుడు తన రెండో శిలాశాసనంలో మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు గురించి, దారుల వెంట బావులు తవ్వించడం గురించి ఒకే చోట చెప్పాడు. ఆ శాసనం తెలుగునేల మీద కర్నూలు ప్రాంతపు ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. చికిత్స, బావి అన్నవి ఆయనకు వేర్వేరు పనులు కావు. తొట్లకొండ తొట్లను ఈ వెలుగులో చూస్తే అవి కేవలం నీటివసతి కాదని, ధర్మంలో భాగమని తెలుస్తుంది.

బావికొండ, పావురాలకొండ

తొట్లకొండకు దగ్గరలోనే తిమ్మాపురం పక్కన బావికొండ ఉంది. వాననీరు పట్టి ఉంచే బావుల వల్ల ఆ పేరు వచ్చింది. 1982 నుంచి 1987 వరకు ఇక్కడ తవ్వకాలు సాగాయి. క్రీ.పూ. మూడో శతాబ్దం నాటికే మొదలైన పెద్ద ఆరామం ఇది. ఇక్కడ ధాతుపేటికలు దొరికాయి. ఒక పాత్రలో బయటపడిన ఎముక ముక్క బుద్ధునిదేనన్న నమ్మకం ఉంది. అది ఎవరిదైనా, ఆ కొండ మీద బతికినవారికి అంతకన్నా పవిత్రమైన వస్తువు ఉండి ఉండదు. అది ఉందన్న సంగతి కొండ కింది ఊళ్ళకు శతాబ్దాలపాటు తెలియదు. ధాతువు మరుపున పడింది. బావి పడలేదు.

మరికాస్త ముందుకు వెళితే భీమునిపట్నం వస్తుంది. డచ్చివారి సమాధులున్న పాత రేవుపట్నం అది. ఊరి పక్కనే పావురాలకొండ. కొండ మీద నరసింహస్వామి గుడి ఉండటం వల్ల నరసింహస్వామి కొండ అన్న పేరూ ఉంది. పావురాళ్ళబోడు అని కూడా అంటారు. క్రీ.పూ. మూడో శతాబ్దం నుంచి క్రీ.శ. రెండో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధ ఆరామం నడిచింది. రాతిలో తొలిచిన తొట్లు ఇక్కడ పదహారు ఉన్నాయి. ఈ కొండకు మాత్రం నీటి పేరు రాలేదు. మనుషులు వెళ్ళిపోయిన చోట చేరిన పక్షుల పేరే కొండకు నిలిచింది.

మూడు కొండల మీద నుంచీ సముద్రం కనిపిస్తుంది. మూడింటి మీదా నీటి ఏర్పాటు ఉంది. రెండు పేర్లు ఆ నీటిని చెబుతున్నాయి, మూడోది ఆ నిర్జనత్వాన్ని చెబుతోంది. ఏ ఒక్క పేరులోనూ బుద్ధుడు లేడు.

మరుపు ఎలా వచ్చింది

బౌద్ధం తెలుగునాట ఒక్కరోజులో కూలిపోలేదు. రోమను వర్తకం తగ్గిపోవడంతో వర్తకుల దానాలు తగ్గాయి. శాతవాహనులు, ఇక్ష్వాకుల తర్వాత వచ్చిన రాజవంశాల ఆదరణ క్రమంగా వైదిక, పౌరాణిక దేవాలయాల వైపు మళ్ళింది. ఏడో శతాబ్దంలో ధాన్యకటకానికి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ చాలా సంఘారామాలు పాడుబడి ఉన్నాయని, ఇరవై దాకా మాత్రమే నడుస్తున్నాయని రాశాడు. అప్పటికే విశాఖ తీరపు కొండలు నిశ్శబ్దంగా ఉన్నాయి. శంకరం మాత్రం మరో రెండు శతాబ్దాలు నిలిచింది.

సంఘానికి తనదైన బలహీనత ఒకటి ఉంది. భిక్షువు పండించడు, వండుకోడు, నిలవ చేసుకోడు. ఊరు అన్నం పెట్టినంత కాలమే ఆరామం ఉంటుంది. ఊరివారి ఇంట్లో పుట్టుక, పెళ్ళి, చావులకు కావలసిన తంతులను సంఘం తన చేతిలో పెట్టుకోలేదు. అన్నం ఆగిపోతే భిక్షువు కదిలిపోతాడు. ఆయన వెంట చదువు, భాష, కథ, కట్టడాల అర్థం కూడా వెళ్ళిపోతాయి. శ్రీలంకలో ఊరికీ విహారానికీ మధ్య ఆ బంధం తెగలేదు. ఒకప్పుడు నాగార్జునకొండ మీద సింహళ విహారం కూడా ఉండేదని ఇక్ష్వాకుల నాటి శాసనం చెబుతోంది. ఆనాడు ఈ రెండు నేలలకూ రాకపోకలు అంత దగ్గర. ఈనాడు కెలణియలో దీపం పెడుతున్నారు, నాగార్జునకొండ జలాశయంలో ద్వీపంగా మిగిలింది.

అయినా పూర్తి మరుపు అనేది ఉండదేమో. ఊరివాడు బుద్ధుని పేరు మరచాడు గాని, ఆయన శిష్యులు తొలిచిన నీటిని మరవలేదు. ఊరికి ఉపయోగపడినది ఊరి మాటలో నిలిచింది. ఉపయోగం తెలియనిది లింగమో, బొజ్జో, వెలివేసిన దిబ్బో అయింది. పేర్లలో ఉన్నది అజ్ఞానమే కాదు, ఒక తూకం కూడా.

నిలపవలసినది

తవ్వకాల తర్వాత తొట్లకొండ మహాస్తూపాన్ని కొత్తగా కట్టి నిలబెట్టారు. 2019 అక్టోబరు వానలకు అందులో కొంత కూలింది. తర్వాత మళ్ళీ బాగు చేశారు. రెండువేల ఏళ్ళ కిందట రాతిలో తొలిచిన తొట్లు మాత్రం అదే వానను పట్టి నిలిచాయి. ఈ పోలిక పునర్నిర్మాణం చేసినవారిని ఎత్తిపొడవడానికి కాదు. రూపాన్ని తిరిగి కట్టడం కష్టమని, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం తొలి పని అని గుర్తు చేయడానికి. విశాఖ నగరం భీమిలి వైపు వేగంగా పెరుగుతోంది. కొండల చుట్టూ స్థలాల ధర ఏటేటా పెరుగుతోంది. తొట్టి అంటే ఒక గుంట కాదు. దానిలోకి నీటిని నడిపించే రాతిపరుపు కూడా దానిలో భాగమే. ఆ వాలును తవ్వేస్తే తొట్టి పేరుకు మిగులుతుంది, నీరు మిగలదు.

చెప్పడం రెండో పని. శంకరంలో కనుమనాడు రాళ్ళు ఆగినది కంచె వేయడం వల్ల కాదు, ఇది ఫలానా అని ఎవరో చెప్పడం వల్ల. ఆ చెప్పడం బడిలో జరగాలి, ఊరి తిరునాళ్ళలో జరగాలి, ఇంట్లో జరగాలి.

అబూ హలీఫా ఉన్న దేశంలోనూ ఇలాంటి దిబ్బలు ఉన్నాయి. కువైట్ నగరానికి ఎదురుగా ఉన్న ఫైలకా దీవిలో తల్ సఅద్, తల్ సయీద్ అనే రెండు మట్టిదిబ్బలు ఉండేవి. అరబ్బీలో తల్ అంటే దిబ్బ. దీవివాసులకు అవి ఆ పేర్లతోనే తెలుసు. 1958లో డెన్మార్కు పురాతత్త్వవేత్తలు తవ్వడం మొదలుపెట్టాక ఒక దిబ్బ కింద నాలుగువేల ఏళ్ళ నాటి దిల్మున్ నాగరికత ఊరు, మరో దిబ్బ కింద అలెగ్జాండర్ తర్వాతి గ్రీకుల కోట, అందులో గుడి బయటపడ్డాయి. గ్రీకులు ఆ దీవిని ఇకరోస్ అన్నారు. తొట్లకొండ సేనగిరి అయినట్టే ఫైలకా కూడా ఒకప్పుడు మరో పేరున్న చోటే. గ్రీకు సైనికులు ఆ గుడిలో మొక్కుకున్న శతాబ్దాలలోనే బావికొండ మీద భిక్షువులు వాననీటి కోసం రాతిని తొలుస్తున్నారు.

రెండు రోజుల సెలవులో కొలంబోకు వెళ్ళే తెలుగు కుటుంబం ఆ ప్రయాణం మానుకోనక్కరలేదు. వెలుగుతున్న దీపాన్ని చూసి రావడం మంచిదే. ఇంటికి వచ్చినప్పుడు మరో రెండు రోజులు విశాఖకు కేటాయించి, వానలు వెలిశాక తొట్లకొండ ఎక్కి, తొట్టి అంచున పిల్లలను కూర్చోబెట్టి ఇది ఎవరు తొలిచారో, ఎందుకు తొలిచారో చెప్పగలిగితే చాలు. కొండ పేరు మార్చనవసరం లేదు. ఆ పేరు సరైనదే. దానికి కావలసినది దాని అర్థం తెలిసిన మనుషులు.